ఓపీ క్యారెక్టర్ శక్తులకు తోటి ప్లేయర్ల సమ్మతి ఎలా తీసుకోవాలి?

"నా క్యారెక్టర్ మనసులు చదువుతాడు, కాలాన్ని ఆపుతాడు. మోడ్‌లు (సర్వర్ నిర్వాహకులు) అప్రూవ్ చేశారు. అయినా సీన్‌లోకి వెళ్లగానే అందరూ గాడ్‌మాడింగ్ అంటున్నారు. ఏం చేయాలి?"

డిస్కార్డ్‌లో టెక్స్ట్ ఆర్పీ (తలో క్యారెక్టర్‌గా కలిసి కథ రాసుకునే రోల్‌ప్లే) ఆడేవాళ్లలో, ఓపీ (ఓవర్‌పవర్డ్, అంటే మితిమీరిన శక్తులున్న) క్యారెక్టర్ ఉన్నవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. చాలామంది దీనికి "క్యారెక్టర్ బలం తగ్గించు" అని జవాబిస్తారు. తగ్గించాల్సిన పని చాలాసార్లు ఉండదు. శక్తి మీది, దాన్ని ఎంత పెద్దగా ఊహించుకున్నా తప్పులేదు. అది తగిలే ఒళ్లు, మనసు, గతం మాత్రం ఇంకో ప్లేయర్ నెలల తరబడి రాసుకుంటూ వచ్చినవి. వాటి మీద ఏం జరగాలన్నా వాళ్లను అడగాలి. ఆ అడగడం ఎలాగో, అడిగాక పోస్ట్ ఎలా రాయాలో ఇక్కడ వరుసగా చెప్తున్నాం.

ముందుగా కొన్ని మాటలకు అర్థాలు. ఓఓసీ అంటే ప్లేయర్లుగా మనం మాట్లాడుకునేది, ఐసీ అంటే క్యారెక్టర్లు మాట్లాడుకునేది. తప్పించుకోవడానికి వీల్లేని దెబ్బ కొట్టడం, తనకు మాత్రం ఏ దెబ్బా తగలకుండా రాసుకోవడం గాడ్‌మాడింగ్. ఎదుటివాళ్ల క్యారెక్టర్ ఏం చేసిందో మీరే రాసేయడం పవర్‌ప్లే. ప్లేయర్‌గా మీకు తెలిసిన సంగతిని మీ క్యారెక్టర్‌కి తెలిసినట్టు వాడటం మెటాగేమింగ్. ఓపీ క్యారెక్టర్ చేతిలో ఉంటే ఈ మూడూ అనుకోకుండానే జరిగిపోతాయి.

ఏమేం కావాలి

- మీ క్యారెక్టర్ షీట్. శక్తుల భాగాన్ని తిరగరాయడానికి సిద్ధంగా ఉండండి.
- సీన్‌కి విడిగా ఒక ఓఓసీ థ్రెడ్. డిస్కార్డ్ థ్రెడ్ కొంతకాలం ఎవరూ రాయకపోతే ఆర్కైవ్‌లోకి పోతుంది. ఆ గడువును సెట్టింగ్స్‌లో వారానికి పెట్టుకోండి.
- సమ్మతి పట్టిక. గూగుల్ షీట్ అయినా, నోట్‌బుక్‌లో ఒక పేజీ అయినా చాలు.
- అందరూ ఒప్పుకున్న ఒక ఆపే మాట.
- ఆ సీన్‌లో ఆడని మోడ్ ఒకరు, తేడా వస్తే మధ్యవర్తిగా.
- కనీసం రెండు రోజుల వ్యవధి. తెలుగు సర్వర్లలో ఒకరు గుంటూరులో, ఇంకొకరు డాలస్‌లో ఉండటం మామూలే. మనకు రాత్రి 9 అయితే వేసవిలో అక్కడ ఉదయం 10:30, ఆ మనిషి ఆఫీసులో ఉంటారు. గంటలో జవాబు ఆశించకండి.

1. శక్తి పేరు పక్కన పెట్టి, అది చేసే పనులు రాయండి

అన్ని అడుగుల్లోకీ దీనికే ఎక్కువ సమయం పెట్టండి. ఒక ఉదాహరణ పట్టుకుందాం. మీ క్యారెక్టర్ సిద్ధయ్య అనే యోగి, అతనికి పరకాయ ప్రవేశం వచ్చు. "నేను పరకాయ ప్రవేశం వాడొచ్చా?" అని అడిగితే ఎదుటివాళ్లు "ఓకే" అంటారు. వాళ్లు ఊహించుకున్నది విక్రమార్కుడి కథల్లో లాంటిది, మీరు రాయబోయేది ఇంకేదో. గొడవకు విత్తనం అక్కడే పడుతుంది.

ఆ ఒక్క మాటలో ఎన్ని పనులున్నాయో విడదీయండి:

- ఎదుటి క్యారెక్టర్ ఒంట్లోకి దూరడం
- ఆ ఒంటిని నడిపించడం
- ఆ గొంతుతో మాట్లాడటం
- ఆ చేతులతో ఇంకొకరిని కొట్టడం
- లోపలున్న జ్ఞాపకాలు చూడటం
- బయటికొచ్చాక ఆ క్యారెక్టర్‌కి ఇదంతా గుర్తుండకుండా చేయడం

ఆరింటికీ ఆరు వేర్వేరు జవాబులు రావచ్చు. నడిపించడానికి సై అన్న ప్లేయర్ మాట్లాడించడానికి నై అనవచ్చు, ఎందుకంటే ఆ గొంతును, ఆ యాసను వాళ్లు ఎంతో శ్రమపడి తయారుచేసుకుని ఉంటారు. జ్ఞాపకాలు చూడనివ్వకపోవడానికి కారణం వాళ్ల దగ్గరున్న ఇంకా బయటపెట్టని కథ. చివరిదాన్ని చాలామంది చిన్న విషయం అనుకుని అడగనే అడగరు. గుర్తుండకుండా చేయడమంటే జరిగిన సీన్ మొత్తాన్ని ఆ క్యారెక్టర్ కథలోంచి తుడిచేయడమే. కచ్చితంగా అడగాలి.

మిగతా శక్తులనూ ఇలాగే విప్పండి. మనసు చదవడంలో పైపై ఆలోచన వేరు, ఉద్దేశం వేరు, గతం వేరు. కాలాన్ని ఆపడంలో ఆపడం అసలు సంగతి కాదు, ఆగిన ఆ క్షణంలో మీరేం చేస్తారన్నది సంగతి: వస్తువు తీసుకుంటారా, మనిషిని వేరే చోటికి మారుస్తారా, కత్తి దింపుతారా? గాయాలు వాటంతటవే మానిపోయే శక్తి విషయంలో "అది నా ఒంటికే కదా, ఎవరినీ అడగక్కర్లేదు" అనుకుంటారు. ఎదుటి ప్లేయర్ నాలుగు పోస్టులు కష్టపడి కొట్టిన దెబ్బ మీ ఒక్క వాక్యంతో వృథా అవుతుంది. కాబట్టి అదీ జాబితాలో ఉండాలి.

2. ఒక్కోదానికీ హద్దు రాయండి, అంకెలతో

"కొంతసేపు", "చాలా దూరం" లాంటి మాటలు హద్దులు కావు. టెక్స్ట్ ఆర్పీలో కాలాన్ని నిమిషాల్లో కొలవకండి, పోస్టుల్లో కొలవండి. ఒకరు నిమిషానికి ఒక పేరా రాస్తారు, ఇంకొకరు అదే నిమిషాన్ని మూడు పోస్టులు సాగదీస్తారు. సిద్ధయ్య షీట్‌లో ఇలా ఉంటే ఎవరికీ అనుమానం రాదు:

- దూరం: కళ్లు కలవాలి, 10 అడుగుల లోపు
- వ్యవధి: మీవి రెండు పోస్టులు
- విరామం: మళ్లీ వాడాలంటే మధ్యలో మీవి నాలుగు పోస్టులు
- మూల్యం: ఆ రెండు పోస్టులూ సిద్ధయ్య సొంత ఒళ్లు కదలదు, ఎవరైనా కొట్టవచ్చు
- సందు: చేతిలో నిప్పు ఉన్నవాళ్ల ఒంట్లోకి దూరలేడు

చివరి రెండూ లేకుండా అడగడానికి వెళ్లకండి. హిరణ్యకశిపుడు వరం కోరినప్పుడు పగలూ రాత్రీ, ఇంటా బయటా, మనిషీ మృగమూ అన్నీ మూసేశాననుకున్నాడు. సంధ్యవేళ, గడప మీద, నరసింహుడు వచ్చాడు. ఆ సందు ఉంది కాబట్టే అది కథ అయింది. మీ శక్తికి కూడా ఎదుటి ప్లేయర్ కనిపెట్టి వాడుకోగలిగే సందు ఉండాలి, అదేమిటో ఓఓసీలో వాళ్లకు ముందే తెలియాలి. "ఆడేటప్పుడు తెలుసుకుంటారులే" అని దాచిపెడితే అది సందు కిందికి రాదు.

3. మోడ్‌ల అనుమతి తీసుకోండి, కానీ అక్కడే ఆగకండి

మోడ్‌లు అప్రూవ్ చేసేది క్యారెక్టర్ ఆ సర్వర్ ప్రపంచంలో ఇముడుతుందా లేదా అన్నది మాత్రమే. అప్రూవ్డ్ ట్యాగ్ చూపించి మల్లిక అనే క్యారెక్టర్ జ్ఞాపకాల్లోకి దూరే హక్కు మీకు రాదు. ఆ హక్కు ఇవ్వగలిగింది మల్లికను ఆడే మనిషి ఒక్కరే.

సమ్మతితో కూడా దాటలేని గీతలుంటాయి. సర్వర్ నిషేధించినవి, డిస్కార్డ్ నిబంధనలకు విరుద్ధమైనవి అడగనే కూడదు. డిస్కార్డ్‌లో 13 ఏళ్లు నిండినవాళ్లు ఉండవచ్చు. ఎదుటివాళ్లు మైనర్ అయినా, వయసు తెలియకపోయినా, శృంగారానికి సంబంధించినదేదీ జాబితాలో ఉండకూడదు. వాళ్లు సరే అన్నా కూడదు.

4. అడగండి

పర్సనల్ డీఎంలో (ఒక్కరికే నేరుగా పంపే సందేశంలో) అడగాలా, ఓఓసీ థ్రెడ్‌లో అడగాలా? జ్ఞాపకాలు, పాత గాయాలు, భయాలకు సంబంధించినవైతే డీఎం మేలు. నలుగురి ముందు "వద్దు" అనడం చాలామందికి కష్టం. మిగతావి థ్రెడ్‌లో అడగవచ్చు. కొందరు సర్వర్ సభ్యుల నుంచి డీఎంలు రాకుండా ఆపి ఉంచుతారు. అప్పుడు "డీఎం చేయొచ్చా?" అని థ్రెడ్‌లో అడగండి. ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపి వెంటపడకండి.

సందేశం ఇలా ఉండవచ్చు:

"హాయ్ అక్కా, శనివారం కోట సీన్‌లో సిద్ధయ్య ఉంటాడు. మల్లిక మీద వాడాలనుకుంటున్నవి ఇవి:
1. ఆమె ఒంట్లోకి దూరి రెండు పోస్టుల పాటు నడిపించడం, కోట తలుపు దాకా.
2. ఆమె గొంతుతో కాపలావాడికి ఒక్క మాట చెప్పించడం.
3. తాళంచెవి ఎక్కడుందో ఆమె జ్ఞాపకాల్లో వెతకడం.
దెబ్బలు, రొమాన్స్, ఇవేవీ లేవు. చేతిలో నిప్పుంటే సిద్ధయ్య దూరలేడు, అది మీరు వాడుకోవచ్చు. ఒక్కోదానికి సరే, వద్దు, లేదా ఇలా మారిస్తే సరే అని చెప్పండి. మూడూ వద్దన్నా సీన్‌కి ఇబ్బంది లేదు, సిద్ధయ్య కాపలావాడి ఒంట్లోకి దూరతాడు. గురువారం రాత్రి 9 లోపు చెప్పండి. జవాబు లేకపోతే వద్దన్నట్టే తీసుకుంటాను."

ఇందులో ఒక్క వాక్యం కూడా తీసేయకండి, ముఖ్యంగా "మూడూ వద్దన్నా సీన్‌కి ఇబ్బంది లేదు" అన్నదాన్ని. వద్దంటే సీన్ పాడవుతుందని తెలిస్తే మొహమాటానికి సరే అంటారు. మొహమాటం మనవాళ్లలో ఎంత బలంగా పనిచేస్తుందో మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి అడిగేముందే రెండో దారి సిద్ధం చేసుకోండి, అది సందేశంలో కనిపించాలి.

జవాబు ఇలా వచ్చిందనుకోండి: "1 ఓకే. 2 ఓకే కానీ ఆ మాట నేనే రాస్తా. 3 వద్దు, వాళ్ల నాన్న సంగతి ఇంకా ఎవరికీ తెలియకూడదు."

మీరు రాయాల్సింది: "సరే అక్కా, 3 తీసేశాను. 2లో మాట మీదే." అంతే. ఎందుకు వద్దని అడగొద్దు, "పైపైన చూస్తాలే" అని బేరం పెట్టొద్దు. ఇంకో సంగతి గమనించారా? మల్లిక తండ్రి గురించి ఏదో రహస్యం ఉందని ఇప్పుడు మీకు తెలిసింది. సిద్ధయ్యకు తెలియదు. రెండు నెలల తర్వాత ఏదో సీన్‌లో సిద్ధయ్య "మీ నాన్నగారు క్షేమమా?" అని అడిగితే అది మెటాగేమింగే, పైగా నమ్మి చెప్పిన మనిషిని మోసం చేయడం.

తెలుగు లిపిలో రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. నైట్రో (డిస్కార్డ్‌కు డబ్బు కట్టే చందా) లేని ఖాతాలో ఒక సందేశానికి 2,000 అక్షరాల పరిమితి ఉంది. ఆ లెక్కలో గుణింతాలు, పొల్లులు విడివిడిగా పడతాయి. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, డిస్కార్డ్‌కు ఆరు. అనుకున్నదానికంటే చాలా ముందే పరిమితి నిండుతుంది. సందేశాన్ని ముక్కలు చేయాల్సి వస్తే ఒక అంశం మధ్యలో తెగకుండా చూసుకోండి. సగం చదివి "ఓకే" అన్నది సమ్మతి కాదు.

5. జవాబులు పట్టికలో ఎక్కించండి

నాలుగు గడులు చాలు: సరే, ప్రతిసారీ అడగాలి, తెర వెనక, వద్దు. "తెర వెనక" అంటే జరిగిందని కథ ఒప్పుకుంటుంది కానీ ఎవరూ వర్ణించరు. చిత్రహింస సీన్‌ను "తెల్లారేసరికి అతను చెప్పాల్సింది చెప్పేశాడు" అన్న ఒక్క వాక్యంతో దాటించడం లాంటిది. ఈ విభజన టేబుల్‌టాప్ ఆటల (బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లే) నుంచి వచ్చింది. పూర్తిగా వద్దన్నవాటిని గీతలని, తెర వెనక జరగాల్సినవాటిని తెరలని గేమ్ డిజైనర్ రాన్ ఎడ్వర్డ్స్ 2003లో పేర్లు పెట్టాడు. ఓపీ శక్తుల విషయంలో మధ్యలో ఉన్న "ప్రతిసారీ అడగాలి" గడి బాగా పనికొస్తుంది, అందుకే దాన్ని కలిపాం.

తేదీ వేయండి. సందేశం లింక్ కాపీ చేసి పక్కన పెట్టండి. ఒప్పుకున్న తర్వాత మీ పాత సందేశాన్ని ఎడిట్ చేయకండి. ఎడిట్ చేసినట్టు గుర్తు కనిపిస్తుంది కానీ ముందు ఏం రాసి ఉందో ఎవరికీ కనిపించదు, తర్వాత తేడా వస్తే మీ మాట నమ్మడానికి ఆధారం ఉండదు. మార్పుంటే కొత్త సందేశం పెట్టి మళ్లీ అడగండి.

6. ప్రయత్నం మీరు రాయండి, ఫలితం వాళ్లకు వదలండి

సమ్మతి వచ్చాక ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఈ పోస్ట్ చూడండి:

"సిద్ధయ్య చూపు తగలగానే తడబడిన మల్లిక చేతిలోంచి కత్తి జారిపోయింది. కళ్లు మూతలుపడ్డాయి. తనకు తెలియకుండానే తలుపు వైపు నడిచింది."

నడిపించడానికి మల్లిక ప్లేయర్ ఒప్పుకున్నారు, నిజమే. తడబడటానికి, కత్తి జారవిడవడానికి, కళ్లు మూసుకోవడానికి ఎవరు ఒప్పుకున్నారు? మొండిగా, పళ్లు బిగబట్టి, ఒక్కో అడుగూ ఎదిరిస్తూ నడిచే మల్లికను రాయాలని వాళ్లు అనుకుని ఉండవచ్చు. ఆ అవకాశం పోయింది. అదే పని ఇలా రాయవచ్చు:

"సిద్ధయ్య పెదవులు కదిలాయి. సన్నటి పొగలాంటిది మల్లిక కళ్లవైపు సాగింది. తలుపు, తలుపు, అన్న ఒక్క ఆలోచన తప్ప అందులో ఇంకేమీ లేదు. బండ మీద కూర్చున్న సిద్ధయ్య ఒళ్లు మాత్రం కట్టెలా బిగుసుకుపోయింది."

కింద ఓఓసీలో ఒక ముక్క: "అక్కా, ఇది 1వ అంశం. ఎలా తగిలిందో మీ ఇష్టం."

ప్రతి వాక్యం చివరా "ప్రయత్నించాడు" అని పెడితే చదవడానికి విసుగు. పైదాంట్లో ఆ మాట లేదు చూడండి. మీ క్యారెక్టర్ ఒళ్లు, ఉద్దేశం, శక్తి బయలుదేరిన తీరు, అది చెల్లించిన మూల్యం, ఇవన్నీ ఎంత బాగా రాసినా మీ హద్దులోనే ఉంటారు. శక్తి భయంకరంగా కనిపించడానికి ఇవే చాలు.

పోస్ట్ పంపేముందు క్రియలు వెతకండి. తెలుగులో పవర్‌ప్లే దాక్కోవడానికి చోట్లు ఎక్కువ. కర్త పేరు రాయకుండానే వాక్యం నడిచిపోతుంది కాబట్టి "నడిచింది" ఎవరు నడిచారో చూసుకోండి. "మల్లిక తిరిగి చూడగానే" అన్న అసమాపక క్రియలో ఆమె చేత ఒక పని చేయించేశారు. "భయపడుతున్న మల్లిక" అన్న విశేషణంలో ఆమె మనసు మీరు రాశారు. "మల్లిక మోచేయి చీరుకుపోయింది" అన్నప్పుడు కర్త మోచేయి, అయినా ఒళ్లు ఆమెదే. ఇవి నాలుగూ పట్టుకోగలిగితే మీ మీద గాడ్‌మాడింగ్ ఫిర్యాదులు చాలావరకు ఆగిపోతాయి.

7. ఆపే మాట పెట్టుకోండి

టేబుల్‌టాప్ ఆటల్లో జాన్ స్టావ్రోపౌలోస్ తెచ్చిన ఎక్స్ కార్డ్ పద్ధతి ఉంది: ఎవరైనా కార్డు తాకితే ఆ విషయం అక్కడితో వదిలేస్తారు, కారణం చెప్పక్కర్లేదు. టెక్స్ట్‌లో ఓఓసీ థ్రెడ్‌లో "ఎక్స్" అని కొట్టడం చాలు. ముందు సరే అన్నదానికి కూడా మధ్యలో ఎక్స్ కొట్టవచ్చు. కాగితం మీద బాగున్నది రాసి చదివాక బాధపెట్టవచ్చు.

ఎక్స్ వచ్చినప్పుడు చేయాల్సిన పనులు: అప్పటికే టైప్ చేస్తున్న పోస్ట్ పంపకండి. "ఆపేశాను, ఎక్కడి నుంచి వెనక్కి వెళ్దాం?" అని ఒక్క ప్రశ్న అడగండి. వాళ్లు చూపించిన పోస్ట్ మీదైతే తీసేయండి, లేదా రెండు వైపులా రెండేసి నిలువు గీతలు పెట్టి స్పాయిలర్‌గా మూయండి. కథను ఆ ముందు క్షణం నుంచి మళ్లీ మొదలుపెట్టండి. "నేను అలాంటివాణ్ని కాదు" అన్న సంజాయిషీ అక్కడ ఎవరికీ అవసరం లేదు.

8. గుంపు సీన్లలో

మీరు కాక అయిదుగురు ఆడుతున్న చోట కాలాన్ని ఆపితే అయిదుగురి క్యారెక్టర్లూ ఆగుతాయి. అయిదుగురినీ అడగాలి. నలుగురు సరే, ఒకరు వద్దు అంటే ఆ సీన్‌లో ఆ శక్తి లేనట్టే, లేదా ఆ ఒక్కరికి మినహాయింపు ఉన్నట్టు కథలో కారణం పెట్టాలి (మెడలో తాయెత్తు, పుట్టుకతో వచ్చిన వరం, ఏదైనా). మధ్యలో కొత్తవాళ్లు చేరితే, వాళ్లు జవాబిచ్చేదాకా వాళ్ల క్యారెక్టర్ మీద ఏ శక్తీ పనిచేయదు.

డిస్కార్డ్ పోల్ పెట్టి సమ్మతి అడగకండి. పోల్ చెప్పేది మెజారిటీ సంగతి. నా క్యారెక్టర్ జ్ఞాపకాలు తుడవచ్చా అన్నదానికి ఇంకో ముగ్గురి ఓట్లతో పని లేదు. ఎమోజీ రియాక్షన్ కూడా చాలదు. టిక్ పెట్టిన మనిషి మూడు అంశాల్లో దేనికి పెట్టారో తెలియదు, "చదివాను" అన్న అర్థంలో కొట్టారేమో కూడా. మాటల్లో జవాబు రావాలి.

ఎక్కడ తప్పుతారు

మౌనాన్ని అంగీకారం అనుకోవడం మొదటిది. "మౌనం అర్ధాంగీకారం" అన్న సామెత ఆర్పీలో చెల్లదు. ఎగ్జామ్స్ ఉండవచ్చు, ఫోన్ పాడై ఉండవచ్చు, వద్దని చెప్పడానికి మాటలు దొరక్క ఉండవచ్చు.

రెండోది ఐసీ జవాబును ఓఓసీ జవాబు అనుకోవడం. మల్లిక "దమ్ముంటే నా మనసులోకి వచ్చి చూడు" అని సవాలు విసిరింది. అన్నది మల్లిక, ఆమె ప్లేయర్ కాదు. సవాలు రాగానే సంబరపడి పోస్ట్ కొట్టేయకుండా, ఓఓసీలో "నిజంగా రమ్మంటారా?" అని ఒక్క మాట అడిగి ముందుకెళ్లండి. సాధారణంగా నిమిషం పని.

డైస్ రోల్‌ను (పాచిక వేసి ఫలితం తేల్చడాన్ని) సమ్మతి అనుకోవడం ఇంకొకటి. దెబ్బ తగిలిందా లేదా అన్నది డైస్ చెప్తుంది. అసలు ఆ రకం దెబ్బ కథలో ఉండాలా అన్నది డైస్ చెప్పలేదు. సమ్మతి ముందు, రోల్ తర్వాత. జ్ఞాపకాలు చూడటం వద్దన్నాక డైస్ మీద అన్నిటికంటే పెద్ద అంకె ఇరవై పడినా లాభం లేదు.

పాత సమ్మతితో కొత్త పని చేయడం కూడా చూస్తుంటాం. జూన్‌లో నడిపించడానికి ఒప్పుకున్నారని సెప్టెంబర్‌లో ఇంకో శత్రువు ముందు నడిపిస్తారు. సీన్ మారితే, శక్తి పెరిగితే, ఎదుటి క్యారెక్టర్ కథ మలుపు తిరిగితే మళ్లీ అడగండి. ఏవీ మారకపోయినా రెండు మూడు నెలలకోసారి "పట్టిక అలాగే ఉంచనా?" అని అడిగితే మంచిది.

ఇదంతా అతి జాగ్రత్త అనిపించవచ్చు. ల్యాంబ్డామూ అనే టెక్స్ట్ ప్రపంచంలో 1993లో ఒక వాడుకరి వూడూ బొమ్మ లాంటి ప్రోగ్రామ్‌తో ఇతరుల క్యారెక్టర్లు చేయని లైంగిక, హింసాత్మక పనులు చేసినట్టు అందరి తెరల మీదా అక్షరాలు కనిపించేలా చేశాడు. జరిగింది అక్షరాల్లోనే. ఆ క్యారెక్టర్ల వెనకున్నవాళ్లకు కలిగిన బాధ మాత్రం నిజమైనది. ఆన్‌లైన్ ప్రపంచాల్లో సమ్మతి గురించి మాట్లాడే ప్రతిచోటా ఇప్పటికీ ఆ ఘటన ప్రస్తావన వస్తుంది. మీ ఉద్దేశం వేరే అయినా, ఇంకొకరి క్యారెక్టర్ చేతులు వాళ్లకు చెప్పకుండా కదిలించడం అదే దారిలో మొదటి అడుగు.

సరిగ్గా జరిగిందా, ఎలా తెలుస్తుంది?

సీన్ నడుస్తుండగా ఎదుటివాళ్ల పోస్టుల పొడవు చూడండి. రెండు పేరాలు రాసే మనిషి ఒక్కసారిగా "సరే, పడిపోయింది" అని ఒక్క లైన్‌కి దిగితే ఆగి ఓఓసీలో అడగండి. ఎప్పుడూ జోక్‌లు వేసే థ్రెడ్ నిశ్శబ్దమైనా అంతే. దీనికి వ్యతిరేకంగా, వాళ్లు మీ శక్తిని తమ పోస్టుల్లో మీరు అనుకోనంత ఘోరంగా వర్ణిస్తూ, తామే ఓడిపోతూ రాస్తున్నారంటే సమ్మతి నిజంగానే కుదిరింది. ఓపీ క్యారెక్టర్‌కి అంతకంటే మంచి గుర్తు లేదు.

సీన్ అయ్యాక ఒకటి రెండు రోజుల్లో ఇవి అడగండి: ఎక్కడైనా మీ క్యారెక్టర్ చేయి దాటిపోయినట్టు అనిపించిందా? ఏ శక్తి మళ్లీ వాడొచ్చు, ఏది వద్దు? ఈసారి మీవాళ్లు సిద్ధయ్య మీద ఏం చేయాలనుకుంటున్నారు? మూడో ప్రశ్న వదిలేయకండి. మీ దెబ్బలకు వాళ్లు ఒప్పుకుంటూ, వాళ్ల దెబ్బలకు మీరెప్పుడూ ఒప్పుకోకపోతే ఆ పట్టిక ఎంత పద్ధతిగా ఉన్నా ఎవరూ మీతో రెండోసారి ఆడరు.

జవాబు రాకపోతే, వద్దంటే

- శక్తిని ఎన్‌పీసీ (ఏ ప్లేయర్‌కీ చెందని పాత్ర) మీదికి తిప్పండి. కాపలావాడు, గుర్రం, గ్రామపెద్ద, ఎవరైనా.
- శక్తి తగలకుండా తప్పిపోయిందని మీరే రాయండి. ఓపీ క్యారెక్టర్ ఒకసారి విఫలమైతే చదివేవాళ్లకు అతని మీద ఆసక్తి పెరుగుతుంది.
- పర్యవసానం చూపించండి. మల్లిక మనసు చదవకుండానే, చదవగలడన్న భయంతో ఊరు ఊరంతా సిద్ధయ్య కళ్లలోకి చూడకపోవడం రాయవచ్చు. దానికి ఎవరి సమ్మతీ అక్కర్లేదు, ఆ ఊరివాళ్లు ఎన్‌పీసీలైతే.
- అదీ ఇదీ కుదరకపోతే ఆ శక్తి ప్రదర్శనకు సోలో థ్రెడ్ పెట్టుకోండి.

జీటీఏ ఆర్పీ (జీటీఏ వీడియో గేమ్‌లో వాయిస్‌తో చేసే రోల్‌ప్లే) ఆడేవాళ్లకు ఒక మాట. అక్కడ అతీత శక్తులు లేకపోయినా చిక్కు ఇదే. క్యారెక్టర్ చేసే పని రాసే స్లాష్ మీ (/me) కమాండ్‌లో "చేతులు కట్టేశాడు" అని కాకుండా "చేతులు కట్టబోతాడు" అని రాసి, స్లాష్ డూ (/do) కమాండ్‌లో "వదిలించుకోగలడా?" అని ఎదుటివాళ్లను అడిగి జవాబు కోసం ఆగండి. వాయిస్‌లో తొందర ఎక్కువ కాబట్టి ఆ ఆగడం ఇక్కడికంటే అక్కడే ఎక్కువ అవసరం.

ఒక్కోసారి మీ శక్తి పనిచేస్తున్న రెండు పోస్టుల మధ్యలోనే ఎదుటి ప్లేయర్ మాయమవుతారు. మల్లిక ఒళ్లు సిద్ధయ్య అదుపులో ఉంది, ప్లేయర్ వారం నుంచి ఆన్‌లైన్‌లో లేరు. అప్పుడు ఆ ఒంటిని మీ ఇష్టం వచ్చినట్టు వాడటం మొదలుపెట్టకండి. ఓఓసీలో ఒకసారి పిలవండి, మూడు రోజులు చూడండి, తర్వాత మోడ్‌తో చెప్పి సిద్ధయ్యను తన ఒంట్లోకి వెనక్కి తెచ్చేయండి. మల్లికను తలుపు దగ్గర, నిలబడిన చోటే, ఏ గాయమూ లేకుండా వదిలేయండి. తిరిగొచ్చినప్పుడు ఆ మధ్యలో ఏం జరిగిందో వాళ్లే రాసుకుంటారు.